"తెలీదు" అని చెప్పే ఫోన్ ఎక్కడికి పోయింది? చిన్న ప్రశ్నల పెద్ద చరిత్ర

హిస్టరీ ఎపిసోడ్ అంటే రాజులు, యుద్ధాలు అనుకుంటాం కదా. ఈ రోజు వాటి జోలికి పోవట్లేదు. ఈ రోజు టాపిక్ చిన్న ప్రశ్నలు. టైమ్ ఎంతైంది? ట్రైన్ ఎంత లేటు? టికెట్ కన్ఫర్మ్ అయిందా? వరి ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి, ఏం మందు కొట్టాలి? పాపకి జ్వరం 102 ఉంది, హాస్పిటల్‌కి వెళ్లాలా, పొద్దున దాకా ఆగొచ్చా?

ఇలాంటివి మనం రోజుకి ఎన్ని అడుగుతామో లెక్కే ఉండదు. జేబులోంచి ఫోన్ తీస్తాం, అడుగుతాం, జవాబు వస్తుంది, మర్చిపోతాం. కానీ ఫోన్‌ని ప్రశ్న అడిగే అలవాటు స్మార్ట్‌ఫోన్‌తో మొదలవ్వలేదు. దీనికి తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొత్తంలో నేను రెండే విషయాలు చూడమంటాను. ఒకటి, ప్రశ్న అడిగే అవకాశం ఎవరికి దొరికింది? రెండు, జవాబు తెలియనప్పుడు అవతలి వైపు ఏం జరిగింది? రెండోది గుర్తుపెట్టుకోండి. చివర్లో మనకి పని పడేది దానితోనే.

మొదటి రోజే లైన్లు జామ్

1933, పారిస్. అక్కడి అబ్జర్వేటరీకి ఒక తలనొప్పి. జనం ఫోన్ చేసి టైమ్ అడుగుతున్నారు. సరైన టైమ్ ఖగోళ శాస్త్రవేత్తల దగ్గరే ఉంటుందని అందరికీ తెలుసు కదా, నేరుగా వాళ్లకే కొట్టేవాళ్లు. దాంతో అబ్జర్వేటరీ ఫోన్ ఎప్పుడు చూసినా బిజీ. డైరెక్టర్ ఎర్నెస్ట్ ఎస్క్లాంగాన్ ఒక ఐడియా వేశాడు. అప్పుడప్పుడే సినిమాకి మాటలొచ్చాయి. ఫిల్మ్ మీద సౌండ్ రికార్డ్ చేసే ఆ టెక్నిక్‌నే వాడి టైమ్ చెప్పే మెషీన్ చేయించాడు. ఫిబ్రవరి 14న సర్వీస్ మొదలైంది. మొదటి రోజే సుమారు 1,40,000 కాల్స్ వచ్చాయి. మెషీన్ అందుకోగలిగింది 20,000 మాత్రమే. సర్వర్ డౌన్ అనే కాన్సెప్ట్ సర్వర్ల కంటే ముందే పుట్టిందన్నమాట.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ మెషీన్‌కి తెలిసింది ఒకే ఒక్క విషయం. అది తప్ప ఇంకేమీ చెప్పదు. అందుకే దాని మీద నమ్మకం.

మన దగ్గర కూడా ల్యాండ్‌లైన్ రోజుల్లో 174 కొడితే టైమ్ చెప్పేది, 197 కొడితే డైరెక్టరీ ఎంక్వైరీ. పేరు చెప్తే నంబర్ ఇచ్చేవాళ్లు. లిస్ట్‌లో లేకపోతే లేదనే చెప్పేవాళ్లు. నమ్మకం లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, కనీసం రెండు కథలు చెప్తారు.

160 అక్షరాల గది

ఇప్పుడు మొబైల్‌కి వద్దాం. 1985లో జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీర్ టైప్‌రైటర్ ముందు కూర్చుని తోచిన వాక్యాలు, ప్రశ్నలు కొడుతూ ఒక్కోదాంట్లో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాడు. చాలావరకు 160 లోపే వచ్చాయి. పోస్ట్‌కార్డుల మీద జనం రాసేది కూడా దాదాపు అంతే ఉంది. సరే, 160 చాలనుకున్నారు.

నేను కోడ్ రాసి బతికినవాడిని కాబట్టి ఈ లెక్క మీకు చూపించకుండా ఉండలేను. ఫోన్, టవర్ ఎప్పుడూ మాట్లాడుకుంటూ ఉంటాయి. కాల్ కలపడానికి, ఫోన్ ఎక్కడుందో తెలుసుకోవడానికి వాటి మధ్య ఒక సిగ్నలింగ్ దారి ఉంటుంది. ఆ దారిలో ఖాళీగా ఉన్న చోటుని వాడుకోవడమే ఎస్ఎంఎస్. అందులో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు చాలు. 1120ని 7తో భాగిస్తే 160. అదీ సంగతి.

1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీర్ కంప్యూటర్ నుంచి వోడాఫోన్‌లో పనిచేసే రిచర్డ్ జార్విస్ ఫోన్‌కి "మెర్రీ క్రిస్మస్" అని పంపాడు. అదే మొదటి ఎస్ఎంఎస్. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తాలో ఉన్న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో మనకి ఫోన్ వచ్చినా మన డబ్బులే కట్ అయ్యేవి. ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది 2003లో. ఎస్ఎంఎస్ మనకి అంత దగ్గరవ్వడానికి, మిస్డ్ కాల్ ఒక భాషలా మారడానికి కారణం అదే, కాల్ ఖరీదు.

పౌండ్ ఇస్తే జవాబు

2004లో బ్రిటన్‌లో ఒక సర్వీస్ వచ్చింది. నంబర్ 63336. ఏ ప్రశ్నైనా ఎస్ఎంఎస్ చేయండి, జవాబు పంపిస్తాం, ఒక పౌండ్ తీసుకుంటాం అన్నారు. పెట్టింది సింబియాన్ కంపెనీకి ఒకప్పుడు సీఈఓగా చేసిన కోలీ మైయర్స్. జవాబు ఇచ్చేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, వెనకాల ఇళ్లలో కూర్చుని వెతికే మనుషులు ఉండేవాళ్లు.

అమెరికాలో అదే పని చాచా అనే కంపెనీ ఫ్రీగా చేసింది. 242242కి ప్రశ్న పంపితే, గైడ్ అని పిలిచే ఒక మనిషి వెతికి జవాబు కొట్టేవాడు. ఒక్కో జవాబుకి అతనికి దక్కేది కొన్ని సెంట్లు. కాలేజ్ పిల్లలు చాలామంది పార్ట్‌టైమ్‌గా ఆ పని చేసేవాళ్లు. అంటే సెంట్ల రేటుకి మనుషులే సెర్చ్ ఇంజన్‌గా పనిచేశారు. 2016లో అది మూతపడింది.

అదే 2004లో గూగుల్ కూడా ఎస్ఎంఎస్ సెర్చ్ మొదలుపెట్టింది. ఇందులో మనుషులు లేరు. వాతావరణం, డిక్షనరీ, దగ్గర్లో పిజ్జా షాప్, ఇలా ఒక ఫార్మాట్‌లో అడగాలి. కొన్నేళ్లకి ఇండియాకీ వచ్చింది. క్రికెట్ స్కోర్, సినిమా టైమింగ్స్ అడగొచ్చు. 2013లో గూగుల్ దాన్ని ఆపేసింది.

మన దేశంలోనూ ఈ ఆట ఆడినవాళ్లున్నారు. కేరళ కాసరగోడ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాళ్లు ఇన్నోజ్ అనే స్టార్టప్ పెట్టారు. 55444కి ప్రశ్న ఎస్ఎంఎస్ చేస్తే ఇంటర్నెట్‌లో వెతికి జవాబు ఎస్ఎంఎస్‌గా పంపే సర్వీస్. నెట్ లేని ఫోన్‌కి నెట్ అందించడం అన్నమాట. ఇక 139కి పీఎన్ఆర్ పంపి బెర్త్ స్టేటస్ చూసుకోవడం, రోల్ నంబర్ పంపి టెన్త్ రిజల్ట్ కోసం ఇంటిల్లిపాదీ ఒక్క ఫోన్ చుట్టూ చేరడం మనలో చాలామందికి తెలుసు.

ఈ ఎస్ఎంఎస్ సర్వీసుల్లో ఒక మంచి లక్షణం ఉంది. ప్రశ్న అర్థం కాకపోతే ఆ మాటే తిరిగి వచ్చేది. "ఫార్మాట్ తప్పు, ఇలా పంపండి" అని. చిరాకు వచ్చేది నిజమే. కానీ తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పేది కాదు.

స్త్రీ అంటే ఆరు

ఇప్పుడు మొదటి ప్రశ్న తీసుకుందాం. అడిగే అవకాశం ఎవరికి దొరికింది?

పైన చెప్పిన 7 బిట్ల లెక్కలో తెలుగు లేదు. తెలుగులో పంపాలంటే యూనికోడ్ వాడాలి, అందులో ఒక్కో క్యారెక్టర్‌కి 16 బిట్లు. 1120ని 16తో భాగించండి. 70. అంటే ఇంగ్లీష్ వాళ్లకి 160, మనకి 70.

అది కూడా నిజంగా 70 కాదు. "స్త్రీ" అని రాయండి. మన కంటికి ఒక్కటే అక్షరం. ఫోన్‌కి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరు! "ఆంధ్రప్రదేశ్" మన లెక్కలో ఐదు అక్షరాలు, ఫోన్ లెక్కలో పన్నెండు. ఎప్పుడైనా తెలుగులో నాలుగు ముక్కలు కొడితే రెండు మెసేజ్‌ల డబ్బులు కట్ అయ్యాయంటే కారణం ఇదే.

అసలు అది తర్వాత సంగతి. చాలా ఫోన్లలో తెలుగు కనపడేదే కాదు, వరసగా డబ్బాలు వచ్చేవి. అందుకే మన తరం తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టడం నేర్చుకుంది. ఇంగ్లీష్ అక్షరాలు రానివాళ్ల సంగతి? వాళ్లు పక్కవాళ్లని బతిమాలుకోవాలి. "బాబూ, కొంచెం ఈ మెసేజ్ ఏంటో చదివి పెట్టు." ఊళ్లల్లో ఇంటర్ చదివే పిల్లాడు వీధి మొత్తానికి కస్టమర్ కేర్. కోట్ల మంది చేతుల్లో ఫోన్ ఉంది, దాన్ని ప్రశ్న అడిగే దారి లేదు.

2018 ఫిబ్రవరిలో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అనే అక్షరంలో కనపడని ఒక యూనికోడ్ క్యారెక్టర్ కలిపి పంపితే ఐఫోన్‌లో మెసేజింగ్ యాప్స్ క్రాష్ అయిపోయేవి. ప్రపంచమంతా తెలుగు గురించి ఒక వారం మాట్లాడుకుంది. యాపిల్ 11.2.6 అప్‌డేట్ పంపి సరిచేసింది. అప్పట్లో అందరం మీమ్స్ వేసుకుని నవ్వుకున్నాం. కానీ ఆలోచించండి. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం, మార్కెట్‌లో ఖరీదైన ఫోన్‌కి మింగుడుపడలేదు. మన భాషని ఎంత తక్కువ టెస్ట్ చేస్తారో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

1551: ఈ ఎపిసోడ్ హీరో

ఎస్ఎంఎస్ వాళ్లు అక్షరాల దగ్గర కుస్తీ పడుతున్న టైమ్‌లోనే, అక్షరాల అవసరమే లేని ఒక దారి తెరుచుకుంది. 2004 జనవరి 21న కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభించింది. నంబర్ 1551. ఇప్పుడు 1800-180-1551. ఫ్రీ కాల్. వారంలో ఏడు రోజులూ పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా. 22 భాషల్లో జవాబిస్తారు, తెలుగులో కూడా.

రైతు ఫోన్ చేస్తే ఎత్తేది అగ్రికల్చర్ చదివిన మనిషి. ఊరు, పంట, సమస్య అడిగి కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. "అన్నా, ఆకు కింద పురుగు ఉందా, మచ్చలున్నాయా? నాటి ఎన్ని రోజులైంది?" అని తిరిగి అడుగుతారు. ఇది చాలా ముఖ్యం. మంచి జవాబు చాలాసార్లు ఇంకో ప్రశ్నతో మొదలవుతుంది. రైతు "మచ్చ" అన్నాడంటే అది తెగులా, పురుగా, జింకు లోపమా అనేది అడిగితేనే తెలుస్తుంది. అడగకుండా మందు పేరు చెప్తే డబ్బు పోతుంది, పంటా పోతుంది.

ఇక నాకు బాగా నచ్చిన పాయింట్. ఫోన్ ఎత్తిన మనిషికి జవాబు తెలియకపోతే? ఆ కాల్‌ని పై స్థాయి నిపుణుడికి కలుపుతారు. అంటే "నాకు తెలీదు, తెలిసినవాళ్లని అడిగిద్దాం" అనే మాట ఆ సిస్టమ్ డిజైన్‌లోనే ఉంది. దానికో మెట్టు కట్టి పెట్టారు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 హెల్త్ హెల్ప్‌లైన్ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2005 ఆగస్టు 15న, 108 అంబులెన్స్ హైదరాబాద్‌లో మొదలైంది. 108 బండి పంపుతుంది, 104 సలహా ఇస్తుంది. కాల్ ఎత్తిన సిబ్బంది స్క్రీన్ మీద వరసగా వచ్చే ప్రశ్నలు అడుగుతారు. ఊపిరి అందుతోందా? ఎన్ని రోజుల నుంచి? ప్రమాదకరమైన లక్షణాల గురించి ముందే అడుగుతారు. కోడ్ భాషలో అది ఒక డెసిషన్ ట్రీ. దాని చివర "ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, హాస్పిటల్‌కి వెళ్లండి" అనే కొమ్మ కూడా ఉంటుంది. ఆ కొమ్మే ప్రాణాలు కాపాడేది.

మరి ఇవి లోపాల్లేని సర్వీసులా? కాదు. లైన్ దొరకదు, హోల్డ్‌లో పెడతారు, కొన్నిసార్లు పుస్తకంలో మాటలే అప్పజెప్తారు. కానీ చదువు రాని రైతు తన మాటలో, తన యాసలో అడగగలిగాడు. ఎస్ఎంఎస్ వల్ల కానిది మామూలు కాల్ వల్ల అయింది.

గొంతు టైప్ చేసింది

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. తర్వాత కథ మీకు నేను చెప్పక్కర్లేదు, డేటా రేటు నేలకి దిగింది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌కి తెలుగుతో పాటు మరో ఏడు మన దేశ భాషలు చేర్చింది. మా ఇంట్లో కూడా టైపింగ్ రాని పెద్దవాళ్లు అప్పుడే ఫోన్‌తో మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ తొంభై ఏళ్ల కథలో మొదటి ప్రశ్నకి దొరికిన పెద్ద జవాబు ఇదే. అడిగే హక్కు అక్షరం నుంచి గొంతుకి వచ్చింది. ఇందులో నాకు ఒక్క శాతం కూడా అనుమానం లేదు, ఇది గొప్ప మార్పు.

అయితే సరిగ్గా ఇక్కడే రెండో ప్రశ్న చేయి జారింది.

ఎప్పుడూ తెలిసే మెషీన్

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక యాప్‌లో సెర్చ్ మీద పనిచేశాను. ప్రతి వారం రివ్యూలో ఒక అంకె ఎర్రగా కనపడేది. ఏమీ దొరకలేదు అని ఎంతమందికి చూపించాం అనేది. దాన్ని తగ్గించాలి. ఎలా తగ్గిస్తాం? దగ్గర దగ్గరగా ఉన్నది ఏదో ఒకటి చూపిస్తాం. యూజర్ ఖాళీ స్క్రీన్ చూస్తే వెళ్లిపోతాడు కదా. బిజినెస్ వైపు నుంచి చూస్తే తప్పు లేదు. కానీ దాని అర్థం "లేదు" అనే మాటని మెల్లగా తీసేయడం.

చాట్‌బాట్‌లతో ఇది ఇంకో స్థాయికి వెళ్లింది. అవి పుస్తకంలో చూసి చెప్పవు. తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కవేసి వాక్యం అల్లుతాయి. తెలిసినా, తెలియకపోయినా వాక్యం ఒకేలా నున్నగా ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో గూగుల్ తన బార్డ్‌ని చూపించిన ప్రకటనలోనే జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గురించి తప్పు జవాబు వచ్చింది. కంపెనీ మార్కెట్ విలువ ఒక్క రోజులో సుమారు 100 బిలియన్ డాలర్లు పడిపోయింది. 2024 మేలో గూగుల్ ఏఐ జవాబుల్లో ఒకటి, చీజ్ జారిపోకుండా పిజ్జా సాస్‌లో జిగురు కలపమంది. ఎవరో ఏళ్ల క్రితం ఆన్‌లైన్‌లో రాసిన జోక్‌ని అది సలహాగా తీసుకుంది.

జిగురు సంగతి నవ్వుకుని వదిలేయొచ్చు. ఇది వినండి. కెనడాలో ఒకాయన, బామ్మ చనిపోతే ఫ్లైట్ టికెట్ కోసం ఎయిర్ కెనడా చాట్‌బాట్‌ని అడిగాడు. ముందు కొనుక్కో, తగ్గింపు కోసం 90 రోజుల్లో అప్లై చేసుకోవచ్చని చెప్పింది. అది తప్పు, కంపెనీ రూల్ అలా లేదు. డబ్బు అడిగితే ఇవ్వలేదు. కేసు ట్రిబ్యునల్‌కి వెళ్తే కంపెనీ వాదన ఏంటో తెలుసా? చాట్‌బాట్ చెప్పినదానికి చాట్‌బాట్‌దే బాధ్యత, మాది కాదని! 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. మీ వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకీ మీరే బాధ్యులు అంటూ సుమారు 812 కెనడియన్ డాలర్లు కట్టమంది. చిన్న మొత్తమే, కానీ తీర్పు చాలా పెద్దది.

మన దగ్గర ఇది ఇంకో రూపంలో రోజూ జరుగుతోంది. బ్యాంక్ కస్టమర్ కేర్ నంబర్ అని సెర్చ్ చేస్తాం. మోసగాళ్లు వెబ్ పేజీల్లో, మ్యాప్ లిస్టింగుల్లో తమ నంబర్ పెట్టి ఉంచుతారు. పైన కనపడింది కదా అని కొడతాం. ఓటీపీ పోతుంది, అకౌంట్ ఖాళీ. 197 రోజుల్లో నంబర్ ఇచ్చినవాళ్లెవరో తెలుసు. ఇప్పుడు జవాబు వెనక ఎవరున్నారో కనపడదు. ఎవరికైనా ఇలా జరిగితే లేటు చేయకుండా 1930కి కాల్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మళ్లీ మొదటికి వచ్చాం

ఇప్పుడు ప్రభుత్వాలు కూడా చాట్‌లోకి వస్తున్నాయి. 2023 సెప్టెంబర్‌లో పీఎం కిసాన్ కోసం కిసాన్ ఈ-మిత్ర చాట్‌బాట్ వచ్చింది, తర్వాత దానికి తెలుగు కూడా చేర్చారు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో "మన మిత్ర" మొదలుపెట్టింది, మొదటి విడతలోనే 161 సేవలతో. ఇక 2024 డిసెంబర్‌లో చాట్‌జీపీటీకి అమెరికాలో ఒక ఫోన్ నంబర్ ఇచ్చారు. నంబర్ చివర 242-8478. కీప్యాడ్ మీద చూస్తే అది చాట్‌జీపీటీ స్పెల్లింగ్. అందులో మొదటి మూడు అంకెలు, మూతపడిన చాచా నంబర్ మొదటి మూడు అంకెలు ఒకటే. మనిషి జవాబిచ్చిన 242 పోయి, మెషీన్ జవాబిచ్చే 242 వచ్చింది.

నేను టెక్నాలజీకి వ్యతిరేకం కాదు, దాని మీదే నా బతుకు. మెషీన్ తెలుగులో మాట్లాడుతుంటే నాకు సంతోషమే. కానీ 1551ని కట్టినవాళ్లు ఇరవై ఏళ్ల క్రితమే తెలుసుకున్న ఒక విషయాన్ని కొత్తగా కట్టేవాళ్లు మర్చిపోకూడదు. తెలియనప్పుడు ఆగి, తెలిసిన మనిషికి కలపాలి. ఆ మెట్టు తీసేస్తే వేగం పెరుగుతుంది, కానీ నష్టం అడిగినవాడి నెత్తిన పడుతుంది. అదీ ఎక్కువగా ఎవరి మీద? సరిచూసుకోవడానికి ఇంకో దారి లేనివాళ్ల మీద. ఇంగ్లీష్‌లో నాలుగు సైట్లు తిరగేయగలిగిన మనకంటే, తెలుగులో ఒక్క జవాబు విని పొలానికి వెళ్లే మనిషి మీద.

కాబట్టి మీకు ఒక చిన్న పని. ఇంట్లో ఫోన్‌తో మాట్లాడే పెద్దవాళ్లుంటే వాళ్ల ఫోన్‌లో నాలుగు నంబర్లు సేవ్ చేయండి: 1800-180-1551, 104, 108, 1930. బ్యాంక్ నంబర్ అయితే పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో ఉన్నదే సేవ్ చేయండి, సెర్చ్ చేసి కాదు. మందు మోతాదు, డబ్బు, పురుగుమందు, ఈ మూడింటిలో మెషీన్ చెప్పింది మనిషిని అడిగాకే చేయమని చెప్పండి.

మీ ఊళ్లో ఎవరైనా 1551కి కాల్ చేసి ఉంటే ఏం అడిగారు, ఏం జవాబొచ్చిందో కామెంట్‌లో రాయండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. అప్పటిదాకా ఉంటాను, బై.